ఏకాహంలో ఆగిన గొంతు

"బ్యాగులో బట్టలేవమ్మా?"

గిరిబాబు బ్యాగుని తిరగేసి విదిలించాడు. ఒక దువ్వెనా, పసుపు గుడ్డలో కట్టిన అక్షింతలూ రాలిపడ్డాయి. నిన్న రేఖ మడతపెట్టి సర్దిన పంచెలు, తువ్వాళ్ళు, దుప్పటి ఒక్కటీ లేవు.

ఈశ్వరి వంటింటి గుమ్మం పక్కన కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

"పెట్లో ఎట్టీసినాను."

"ఎందుకూ?"

"ఆసుపత్రికి ఎల్లీది నేదు గనక."

వీధిలో కారు హారను మోగింది. గిరిబాబు ఖాళీ బ్యాగుని మంచం మీదికి విసిరాడు.

"కారొచ్చీసినాది. ఈ రోజు సేరితేనే ఎల్లుండి ఆపరేషను. గరివిడిలో ఫర్నేసు కాడ నా బదులు మనిషి నేడని మొత్తుకుంతంటే సెలవెట్టి వొచ్చినాను. ఇప్పుడా నీ పెట్టి సర్దుడు?"

"నిన్న నౌపడ ఎల్లకపోతే సర్దకపోదును."

రేఖ మజ్జిగ గ్లాసు తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది, కాస్త ఆగమన్నట్టు. అతను తాగలేదు.

"గుండె ఆపరేషనయిన కూర్మయ్య మావని సూడ్డానికెల్లినావు. సూసినావు. అయితే?"

"ఏటి సూసినానో తెల్సా?" ఈశ్వరి చేతులు బియ్యంలోనే ఆగిపోయాయి. "అన్న కుర్చీలో కూకున్నాడు. గుండె మా బాగా కొట్టుకుంతాదట. జగ్గమ్మొదిన నా సెయ్యి తీసుకెల్లి ఆయన గుండె మీదెట్టినాది. గడియారంలాగ కొట్టుకుంతాంది. బాగానే ఉన్నాది అనుకున్నాను. అన్న నన్ను సూసి, ఎవులో పరాయిదాన్నన్నట్టు 'కూకో అమా' అన్నాడు. నన్ను! ఉప్పుమళ్ళ గట్టు మీద నన్ను బుజాలెక్కించుకుని తిప్పినోడు. నా సెవిలో నోరెట్టి, జగ్గమ్మని సూపించి, 'ఈవిడెవులు, మనింట్లోనే ఉంతన్నాది' అని నన్నడిగినాడు."

కారు హారను మళ్ళీ మోగింది.

"గుండె ఇంటికొచ్చినాది రా. మడిసి ఆసుపత్రిలోనే ఉండిపోనాడు."

"ఆయనకయినాదని నాన్నకీ అవ్వాలనేటి?"

"అవ్వదని నువ్వు మాటిస్తావా? ఇయ్యి. ఇప్పుడే బట్టలు సర్దీస్తాను."

గిరిబాబు మజ్జిగ వైపు చూశాడు.

అరుగు మీద నారాయణమూర్తి ఇదంతా వింటూనే ఉన్నాడు. గుండెలో వాల్వు సున్నం పట్టి బిగుసుకుపోయిందని తేలినప్పటి నుంచి ఆయన తన పొలం గట్టు వరకూ కూడా నడవలేకపోతున్నాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. పాట ఎత్తుకుంటే రెండో చరణానికి ఊపిరి చాలదు. నరసన్నపేట చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఏకాహం జరిగినా, రాత్రీ పగలూ తెగకుండా సాగే ఆ నామంలో తెల్లవారుజాము వంతు ఆయనదే. ఆయన చదువుకోలేదు. పుస్తకం చూసి పాడింది ఒక్కటీ లేదు. కీర్తనలూ తత్వాలూ మంగళహారతులూ అన్నీ తలలోనే ఉన్నాయి. ఆ తల ఖాళీ అయితే ఇంక ఎక్కడా వెతికి తెచ్చుకునేది లేదు.

"ఈశ్వరీ," అన్నాడు లోపలికి. "బట్టలు తియ్యి. ఆ డాక్టరమ్మనే అడుగుదాం. మెదడుకేటవుతాదో ఆవిడే సెప్తాది. సెప్పీది విని, ఉండాలంటే ఉందాం. నేదంటే అదే కార్లో వొచ్చీద్దాం."

"అడిగితే నిజం సెప్తాదా?"

"అడక్కపోతే అబద్ధమైనా సెప్పదు గదా."

ఈశ్వరికి నవ్వొచ్చింది. కోపంలో వచ్చిన నవ్వు కాబట్టి కళ్ళు కూడా తడిశాయి. చేట పక్కన పెట్టి లేచింది.

కారు దగ్గర డ్రైవరు తలుపు తీసి నిలబడ్డాడు. నారాయణమూర్తి రాగానే చెప్పులు విడిచి, వంగి, ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాడు. కార్తీకం నుంచి ఇదే వరస. ఆ ఏకాహంలో తెల్లవారుజామున నామం చెబుతూ చెబుతూ ఆయన గొంతు ఆగిపోయింది. దీపాన్నే చూస్తూ బొమ్మలా నిలబడిపోయాడు. కళ్ళ వెంట ధారగా నీళ్ళు. స్వామి కనపడ్డాడని ఎవరో గట్టిగా అన్నారు. ఆ మాట ఊరు దాటింది. అప్పట్నుంచి పేరు పెట్టి పిలిచేవాళ్ళు తగ్గి, దణ్ణం పెట్టేవాళ్ళు పెరిగారు.

రేఖ ఆ దణ్ణాన్ని చూసి మొహం పక్కకి తిప్పుకుంది.

*

శ్రీకాకుళం ఆసుపత్రిలో డాక్టర్ చరిత వయసులో చిన్నది. వాళ్ళ తాతగారు విజయనగరంలో వీణ చెప్పేవారట. నారాయణమూర్తి పాడతాడని తెలిసిన దగ్గర్నుంచి, ఊపిరి ఎలా ఉందని కాకుండా పాట ఎలా ఉందని అడిగేది. అదొక్కటే ఆవిడలో ఈశ్వరికి నచ్చిన సంగతి.

ఇవాళ ఈశ్వరి కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"అమ్మా, నాను సదువుకోనిదాన్ని. ఒకటే అడుగుతాను. మీరు గుండె ఆపీసి బాగుసేస్తారు. అది ఆగినంతసేపూ మెదడు ఏటవుతాది?"

"అమా, ఆవిడకి తెల్దేటి," గిరిబాబు గొణిగాడు.

డాక్టరు చేతిలో పెన్ను కింద పెట్టింది. "అడగనివ్వండి. అడగాల్సిన మాటే. గుండె ఆగినా రక్తం ఆగదమ్మా. పక్కన యంత్రం ఉంటుంది. గుండె చేసే పనీ, ఊపిరితిత్తులు చేసే పనీ కాసేపు అదే చేస్తుంది."

"మా కాలవ తూము బాగుసేసినపుడు ఇంజనెట్టి నీరు తోడీవోరు," అన్నాడు నారాయణమూర్తి. "అలాగేనా?"

"అలాగే. మీరే చెప్పండి, అప్పుడు పొలానికి ప్రమాదం ఎలా వస్తుంది?"

ఆయన కాస్త ఆలోచించాడు. "నీరు నీరసంగొస్తే శివారు మడికి ఎక్కదు. ఎండిపోతాది. మరోటి, తూము కొడతన్నపుడు పెచ్చులు రాల్తాయి. అవి నీటిలో కొట్టుకెల్లి బోదికాలవకి అడ్డం పడిపోతాయి."

"మెదడుకి కూడా ముఖ్యంగా ఆ రెండే," అంది డాక్టరు. "మీ వాల్వుకి సున్నం పట్టింది. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళానికీ పట్టి ఉండొచ్చు. దాన్ని మేం పట్టి బిగించేటప్పుడు ఒక నలుసు రాలి పైకి పోతే మెదడులో అడ్డం పడుతుంది. అందుకని ముందే స్కాన్ చేస్తాం. ఛాతీ తెరిచాక ఆ నాళం మీదే చిన్న పరికరం పెట్టి మళ్ళీ చూస్తాం. సున్నం లేని చోటే పట్టుకుంటాం. యంత్రం గొట్టంలో జల్లెడ ఉంటుంది. గుండెలో గాలిబుడగ మిగలకుండా చూసుకుని, అప్పుడే దాన్ని మళ్ళీ కొట్టుకోనిస్తాం."

"శివారు మడి?" అన్నాడాయన.

"నుదుటి మీద రెండు పట్టీలు అంటిస్తాం. మెదడుకి ప్రాణవాయువు చాలుతోందో లేదో అవి చెప్తాయి. తగ్గితే యంత్రం జోరు పెంచుతాం. ఒళ్ళు కొంచెం చల్లబరుస్తాం. మళ్ళీ వెచ్చబరిచేటప్పుడు తొందరపడం."

"ఇన్ని సేస్తే మరి మా అన్నకెందుకలాగయినాది?" అంది ఈశ్వరి. కూర్మయ్య సంగతి చెప్పింది.

"ఆయన్ని చూడకుండా చెప్పలేనమ్మా. చెప్తే అబద్ధమవుతుంది. ఎన్ని చేసినా ఈ ప్రమాదం తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు. కొందరికి కొన్నాళ్ళు మతిమరుపు, కంగారు ఉండి సర్దుకుంటాయి. కొద్దిమందికి పక్షవాతం రావచ్చు. మీవారికి రాదని నేను మాటివ్వలేను. ఈ వాల్వుని ఇలాగే వదిలేస్తే మాత్రం గుండె ఎక్కువ కాలం లాగదు."

ఈశ్వరి అప్పుడు కూర్చుంది. చిత్రం, ఏమీ కాదని చెప్పినవాళ్ళందరికంటే, మాటివ్వలేనన్న ఈ మనిషి మీదే ఆమెకి నమ్మకం కుదిరింది.

"ఇంతవరకూ చెప్పింది మా పని," అంది డాక్టరు. "ఇప్పుడు మీ పని ఒకటుంది. బాగా గుర్తు చేసుకుని చెప్పండి. ఎప్పుడైనా మాట తడబడ్డం, మూతి ఒక పక్కకి జారడం, ఒక చెయ్యి పట్టు తప్పడం, చూపు మసకెయ్యడం లాంటివి వచ్చాయా? కాసేపే వచ్చి పోయి ఉండొచ్చు. పోయింది కదా అని వదిలెయ్యకండి. అది ముందుగా వచ్చిన హెచ్చరిక."

"అలాటిది ఉంటే ఏటి సేస్తారు మేడం?"

అడిగింది రేఖ. అందరూ ఆమె వైపు తిరిగారు.

"మెదడు ఫొటో తీస్తాం. మెడలో రక్తనాళాలు మరింత శ్రద్ధగా చూస్తాం. నలుసు ఎక్కణ్ణుంచి వెళ్ళిందో వెతుకుతాం. యంత్రం మీద రక్తపోటు ఎంత ఉంచాలో మారుతుంది. తేదీ మారొచ్చు. ఒక్కోసారి ఆపరేషన్ చేసే పద్ధతే మారుతుంది."

"నేదమ్మా," అన్నాడు నారాయణమూర్తి. తడుముకోలేదు. "అలాటియ్యేటీ రానేదు."

"నేదు," అంది ఈశ్వరి కూడా.

రేఖ కొంగు చివర పట్టుకుని గట్టిగా మెలిపెట్టింది.

*

సాయంకాలం వార్డు బయట వరండాలో గిరిబాబు పెళ్ళాన్ని నిలదీశాడు.

"డాక్టరమ్మ దగ్గర నీకెందుకే ఆ ప్రశ్న?"

"నీకు తెల్దా?"

"తెలిస్తే అడుగుతానా?"

"కార్తీకంలో ఏకాహం."

అతను చుట్టూ చూశాడు. "ఒసే, అది రోగమేటే?"

"పానకం బిందెట్టుకుని నాను మావయ్యకి ఎదురుగానే ఉన్నాను. మూతి కుడిపక్క జారిపోనాది. సొల్లు కారినాది. నా కొంగుతో నానే తుడిసినాను. మీరందరూ కన్నీళ్ళు సూసినారు. నాను సొల్లు సూసినాను."

"మరి అపుడే సెప్పకపోయినావా?"

"ఎవులికి సెప్పను? అప్పటికే మీ అమ్మ హారతిచ్చీసినాది. ఊరు ఊరంతా కాళ్ళ మీద పడ్డాది. నువ్వు పడ్డావు. నీ ఎనకాల నానూ పడ్డాను." రేఖ గొంతు తగ్గించింది. "మొక్కినాక ఇంకేటి సెప్తాను?"

వెనక ఫ్లాస్కు చప్పుడైంది. ఈశ్వరి అక్కడే నిలబడి ఉంది.

"ఏటే అంటన్నావు?"

"ఏటీ నేదు అత్తా."

"నాను సెవుడుదాన్ననుకున్నావా? నీ మావకి సామి కనపడ్డాడంటే నీకేటే నొప్పి? ముప్పయ్యేళ్ళు తెల్లారగట్ల సన్నీళ్ళు పోసుకుని నామం సెప్పినోడికి కనపడక, సీరియల్సు సూసుకునీ నీకు కనపడతాడా?"

"నాకు సామి కనపడక్కర్నేదు," అంది రేఖ. కళ్ళు తుడుచుకుంది గానీ వెనక్కి తగ్గలేదు. "మావయ్య కనపడితే సాలు. మన మనిషిగా కనపడితే సాలు. నిన్న నౌపడ నుంచొచ్చి అన్నం ముట్టనేదు నువ్వు. ఆలాటిది మనింట్లో జరక్కూడదని బట్టలు పెట్లో దాసినావు. దాయాల్సింది బట్టలేనా అత్తా? ఈ మాట దాసీసి ఆ బట్టలు సర్దితే ఏటి లాభం?"

ఈశ్వరి చెయ్యెత్తింది. కొట్టడానికో, నోరు మూయించడానికో ఆమెకే తెలియలేదు. అప్పుడే మెట్లెక్కి తిరుమలరావు వచ్చాడు, క్యారేజీ పట్టుకుని. నారాయణమూర్తి తమ్ముడు. ఎత్తిన చెయ్యి చూసి మెట్టు మీదే ఆగిపోయాడు.

"ఏటయినాది వదినా?"

"నీ కోడల్నడుగు. మీ అన్నకి ఆనాడు వొచ్చింది సామి కాదట. రోగమట. నువ్వే గదా పక్కనున్నావు, నువ్వే గదా నామం అందుకున్నావు. సెప్పు దానికి."

తిరుమలరావు క్యారేజీ బెంచీ మీద పెట్టాడు. దాని పిడి సరిచేశాడు. సరిగ్గానే ఉన్న పిడిని మళ్ళీ సరిచేశాడు.

"నన్నడక్కొదినా."

ఏకాహంలో ఒక కట్టుబాటు ఉంది. నామం తెగకూడదు. ఒకరి గొంతు ఆగితే పక్కవాడు అందుకోవాలి. అందుకున్నవాడు ఆ తర్వాత ఆ మాట ఎత్తకూడదు. ఎవరి దగ్గర ఆగింది, ఎందుకాగింది అని పందిరి దాటాక ఎవరూ అడగరు. నామం మనిషిది కానప్పుడు ఆగిన తప్పు కూడా మనిషిది కాదని పెద్దల ఆలోచన. మంచి ఆలోచనే. దగ్గొచ్చినా, కునుకు పట్టినా ఎవరికీ తలవంపు ఉండదు. కానీ అంత దయలో ఒక్కోసారి చూడవలసింది కూడా కప్పబడిపోతుందేమో, ఆ పెద్దలకి తట్టిందో లేదో తెలియదు.

"సిన్నమావా," అంది రేఖ. "నామం మాట నువ్వు సెప్పకూడదు. సెప్పొద్దు. తాళం మాట సెప్పు."

అతను తలెత్తాడు. తాళం గురించి కట్టుబాటేదీ గుర్తురాలేదు కాబోలు. నోరు విప్పాడు.

"కుడిసేతి తాళం సిప్ప సాప మీద పడిపోనాది. ఎడంసెయ్యి ఆగనేదు. కొట్టడానికి రెండో సిప్ప నేకపోయినా ఉత్తి గాలికే తాళం ఏస్తా ఉన్నాది. ఒక్క దెబ్బ తప్పనేదు."

"అలాగంటావేటి?" అన్నాడు గిరిబాబు.

"పడ్డ సిప్ప తీసి అన్నియ్య సేతిలో ఎట్టినాను. ఏళ్ళు ముడుసుకోనేదు. మళ్ళీ పడిపోనాది. అప్పుడింక నా సెయ్యి ఆ సేతి మీదేసి, నానే బిగించి పట్టుకుని, నామం ఎత్తుకున్నాను. కాసేపటికి ఆ ఏళ్ళు కదిలినాయి. నా సేతిలో కదిలినాయి. అప్పుడొదిలినాను."

అతను ఈశ్వరి వైపు తిరిగాడు. వాదించడానికి కాదు. ఇన్నాళ్ళూ తనని కొరుకుతున్న సందేహం ఎవరి ముందో ఒకరి ముందు పెట్టాలని.

"సామొస్తే రెండు సేతులూ ఆగిపోవాల గదొదినా. ఒక్క సేతికే ఎందుకొస్తాడు?"

ఈశ్వరి ఫ్లాస్కు పట్టుకుని బెంచీ మీద కూర్చుంది. ఆ ఫ్లాస్కులో పాలు వేడిగా ఉన్నప్పుడే లోపలికి తీసుకెళ్ళాలని వచ్చింది. ఆ సంగతి మరిచిపోయి చాలాసేపు అలాగే కూర్చుండిపోయింది.

*

దీపాలు పెట్టే వేళకి ఆమె వార్డులోకి వెళ్ళింది. నారాయణమూర్తి దిండుకి జారబడి కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు.

"బేగి రాకపోయినావా? ఆ పక్క మంచం ఆయన నన్ను పాడమంతన్నాడు. నర్సమ్మ వొద్దంతన్నాది. ఆల్లిద్దరికీ నా గురించే తగువు."

"పాలు తాగు."

గ్లాసు అందించింది. ఆయన ఎడంచేత్తో అందుకున్నాడు. కుడిచేతికి సూది గుచ్చి ఉంటుందిలే అనుకుంది. చూస్తే సూది ఉన్నది ఆ ఎడంచేతికే.

ఆమె ఆ సూది వైపే చూస్తూ అడిగింది. "ఆనాడు నీకేటి కనపడ్డాది?"

ఆయన గ్లాసు దించాడు.

"ఇన్నాళ్ళూ అడగనేదు నువ్వు."

"అడక్కూడదనుకున్నాను. ఇప్పుడడుగుతన్నాను."

"మాటలన్నీ ఎల్లిపోనాయి ఈశ్వరీ," అన్నాడు మెల్లగా. "హారతయినాక పందిట్లోంచి జనం లేసెల్లిపోతారు సూడు, అలాగ. రాముడన్న మాట కూడా ఎల్లిపోనాది. దీపం ఉన్నాది. దాన్ని దీపమంటారని తెల్దు. బయం నేదు. ఆకలి నేదు. నీ పేరు నేదు, నా పేరు నేదు. ఏదో ఉన్నాది, అంతే. నా సుట్టూ ఉన్నాది. అంత సల్లగా నాకెప్పుడూ నేదు. ముప్పయ్యేళ్ళు పిలిసినాను. పిలవడం ఆగినాక గాని రానేదు."

ఆయన తలుపు వైపు చూశాడు.

"మీరేటి మాటాడుకుంతన్నారో నాకు తెలస్తానే ఉన్నాది. తలుపు పల్సగా ఉన్నాది. డాక్టరమ్మకి సెప్తే ఏటంటాది? నలుసంటాది. సున్నం నలుసు. అంతేనా ఈశ్వరీ? ఇంత బతుకూ పాడితే నాకు దొరికింది సున్నం నలుసేనా?"

ఈశ్వరి కూడా అదే దేవుడికి అన్నేళ్ళుగా దీపం పెడుతున్న మనిషి. ఆయనకి కనపడ్డాడంటే తనకీ కనపడ్డట్టే అనుకుని, ఈ నాలుగు నెలలూ వీధిలో తలెత్తుకుని నడిచింది.

"నాకు తెల్దు," అంది. "సామి నలుసులో రాకూడదనేటి? ఏ రూపంలోనైనా రావొచ్చు. వొచ్చినాడేమో కూడాను. వొచ్చి, తీసుకున్న మాటలు తిరిగిచ్చీసి ఎల్లినాడు. మరోపాలి ఇవ్వకుండా ఎల్లిపోతే?"

ఆయన గ్లాసులోని పాల వైపే చూస్తున్నాడు.

"నిన్న కూర్మయ్యన్నని సూసినాను. ఆయనకీ బయం నేదు. ఆకలి నేదు. జగ్గమ్మ పేరు నేదు. ఆయనకెవులూ హారతివ్వడం నేదు. జగ్గమ్మ ముద్దలు కలిపి నోట్లో ఎడతంది, ఎవులో తెల్దు గాని మంచిదే అన్నట్టు సూస్తన్నాడు."

నారాయణమూర్తి గ్లాసు పక్కన పెట్టి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"ఎల్లు. నిద్దరొస్తంది."

ఆయన నిద్రపోలేదని ఆమెకి తెలుసు. పాలు సగం అలాగే ఉన్నాయి.

*

మర్నాడు పొద్దున్న డాక్టరు వచ్చేసరికి అందరూ మంచం చుట్టూ ఉన్నారు. రేఖ ఆయనకి తల దువ్వింది. గిరిబాబు ఎవరి మొహమూ చూడకుండా ఫోను చూస్తున్నాడు. తిరుమలరావు తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"రేపే కదా. భయంగా ఉందా?" అంది డాక్టరు.

"కోసీది మీరు గదా, మీకు నేదా బయం?" అన్నాడు నారాయణమూర్తి. ఆవిడ నవ్వింది.

"గొంతులోంచి గొట్టం వేస్తాం. నాలుగు రోజులు బొంగురుగా ఉంటుంది. ఆ తర్వాత నాకొక కీర్తన బాకీ. ఇంకేమైనా అడగాలా? చెప్పాలా?"

గిరిబాబు తల అడ్డంగా ఊపాడు. ఆవిడ వెనక్కి తిరగబోయింది.

"అమ్మా," అంది ఈశ్వరి. "ఒక మాట."

రేఖ దువ్వెన ఆపింది.

"మొన్న... కాదు, నిన్న. మీరడిగినదానికి నేదన్నాం. నానే అన్నాను. మరి, కార్తీకంలో మా ఊల్లో ఏకాహం అయినాది. ఆనాడు తెల్లారగట్ల, ఈయన నామం సెప్తా సెప్తా..."

అక్కడ ఆమె గొంతు ఆగింది. తరవాత మాట నోటి దాకా వచ్చింది. ఆ మాట అంటే, తను ఇచ్చిన హారతిని తన చేత్తోనే ఆర్పినట్టు. ఊరంతా పెట్టిన దణ్ణాలు ఊరికి తిరిగిచ్చేసినట్టు. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు.

రేఖ నోరు తెరవబోయి అత్త మొహం చూసి ఆగింది. తిరుమలరావు ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు. డాక్టరు ఓపిగ్గా నిలబడింది.

"కుడిసెయ్యి పడిపోనాదమ్మా," అన్నాడు నారాయణమూర్తి.

ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు, పాడేటప్పుడు మూసుకున్నట్టే. పెళ్ళాం దగ్గర ఆగిన మాటని, తెగిందని తెలియకుండా, అదే జోరులో అందుకున్నాడు.

"తాళం జారిపోనాది. మాటలు పోనాయి. మూతి జారినాదట, అది నాకు తెల్దు, మా కోడలు సూసినాది. కాసేపటికి అన్నీ తిరిగొచ్చినాయి. మా ఊరోల్లు సామి వొచ్చినాడన్నారు. నానూ అలాగే అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంతన్నాను. మీరు మాత్రం మీరు సూడాల్సింది సూడండి."

ఈశ్వరి మంచం పట్టె పట్టుకుని తల వంచుకుంది.

డాక్టరు మంచం అంచున కూర్చుంది. నవ్వు పోయింది గానీ కోపం రాలేదు. తన రెండు చేతుల వేళ్ళూ ఆయనకి అందించింది.

"గట్టిగా పట్టుకోండి. రెండు చేతులతోనూ. ఇంకా గట్టిగా."

ఆయన పట్టుకున్నాడు. ఆవిడ ఎడంచేతి పట్టు చూసింది, కుడిచేతి పట్టు చూసింది. మళ్ళీ ఒకసారి పట్టుకోమంది. నర్సుకి ఏదో చెప్పింది. గిరిబాబుకి అందులో రెండే మాటలు అర్థమయ్యాయి, మెదడు ఫొటో అనీ, రేపటిది ఆపమనీ.

"ఆపరేషన్ మానెయ్యడం లేదు," అంది వాళ్ళ వైపు తిరిగి. "ముందు ఇది చూడాలి. నిన్ననే చెప్పి ఉంటే బాగుండేది. ఇవాళైనా చెప్పారు. కార్తీకం నుంచి ఇప్పటికి, ఆ ఒక్కసారేనా?"

"ఒక్కపాలేనమ్మా," అన్నాడు గిరిబాబు తొందరగా. "ఊరంతా సూసినాది."

నారాయణమూర్తి కళ్ళు తెరిచాడు. డాక్టరు వైపు చూడలేదు. కొడుకు వైపు చూడలేదు. తలుపు దగ్గరున్న తమ్ముడి వైపు చూశాడు.

"రెండోపాలి, నడక ఆగకముందు, పొలంలో," అన్నాడు. "అందుకోడానికి పక్కన ఎవులూ నేరమ్మా."